పెద్ద చెవికి చిన్న బీప్

వయసు మళ్లిన డ్రైవరుకు పనికొచ్చే బండిని గీయాలంటే కన్ను, చెవి దగ్గర మొదలుపెట్టాలి. నలభై దాటాక కంటి కటకం దగ్గరి వస్తువుకు చప్పున కుదురుకోదు. ఆపైన పసుపుబారి నీలి వెలుతురును అడ్డుకుంటుంది. నల్ల తెర మీద నీలి అక్షరాలు కుర్రకారుకు ముచ్చటే గాని, అరవై ఏళ్ల కంటికి మసక. ఎదుటి బండి హెడ్‌లైటు పడ్డాక చూపు తేరుకోవడానికీ ఎక్కువసేపు పడుతుంది.

చెవి సంగతి ఎవరికీ గుర్తుండదు. వయసుతో ముందుగా తగ్గేది కీచు శబ్దాల వినికిడి. మన దేశంలో 2019 జులై 1 తర్వాత తయారైన కార్లలో గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి. వెనక్కి తీసేటప్పుడు పనిచేసే సెన్సారూ అంతే. ఆ మోత కీచుగా ఉంటే, అది ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందదు. తిరుపతి పక్కన తిరుచానూరులో అమ్మవారి పంచమీ తీర్థం నాటి సందడిలో, పుష్కరిణి చుట్టుపక్కల మైకులు, ఆటో హారన్ల నడుమ అయితే కుర్రవాళ్లకూ అందదు. బొంగురు మోత, దానికి తోడు స్టీరింగులో చిన్న అదురు ఉంటే మేలు.

దారి చెప్పే గొంతు తెలుగులోకి వచ్చింది, మంచిదే. అయితే అది ఎక్కువగా మీటర్లే లెక్కపెడుతుంది. ఈ సీమలో దారి అడిగితే వచ్చే జవాబు 'గుడి దాటినాక ఎడం పక్కకి తిరుగు సామీ' అని. మీటర్లు మనసులో కొలుచుకోవడం కన్నా కనబడే గుర్తును పట్టుకోవడం ఏ వయసువారికైనా తేలిక.

తెర, బీప్ ఏదీ లేని మేలైన ఏర్పాటు తిరుపతి దాటగానే ఉంది. తిరుమల ఘాట్‌లో 1944 నాటి దారి దిగడానికి, 1974 నాటిది ఎక్కడానికి. రెండూ వన్‌వే దారులు కాబట్టి ఎదుటి హెడ్‌లైట్ల బాధ లేదు. టోల్‌గేటు దగ్గర టైము నమోదవుతుంది. ఎక్కడానికి 28, దిగడానికి 40 నిమిషాల కంటే ముందే చేరితే జరిమానా. వేగానికి వేసిన కళ్లెమే ఇది, ముసలి కంటికీ కలిసొచ్చింది.

55 నిండినవారికి లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్. దానికి డాక్టరు ఇచ్చే ఫారం 1ఏలో, పట్టపగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన నంబరు ప్లేటు చదవగలరా అన్న ప్రశ్న ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు, చీకటి పడ్డాక సొంత బండిలో కూర్చుని డ్యాష్‌బోర్డు చదవగలుగుతున్నారో, బీప్ వినబడుతోందో కూడా చూసుకోండి.