కంపెనీ నావిగేషన్, బయటి స్టీరియో: వైర్లు కోయకుండా కలిపే పని

కారుతో పాటు కంపెనీ బిగించి ఇచ్చిన నావిగేషన్‌ను బయట కొన్న స్టీరియోతో కలపడం ఆటో ఎలక్ట్రీషియన్లు, కార్ డెకార్స్ దుకాణాల వాళ్లు చేసే పనుల్లో చిక్కైనది. పాత డెక్ తీసి కొత్తది పెట్టడం ఒక ఎత్తు, దారి చెప్పే గొంతు, తెర, యాంటెన్నా మునుపటిలా పనిచేసేలా పెట్టడం మరో ఎత్తు. తొర్రూరు లాంటి కూడలి పట్టణానికి ఈ పని అవసరమే. వరంగల్–ఖమ్మం మధ్య 563వ జాతీయ రహదారి మీదున్న ఈ ఊళ్లో ఒక దారి పాలకుర్తికి, ఇంకొకటి నెల్లికుదురు మీదుగా మహబూబాబాద్‌కు చీలుతాయి. కొత్తగా వచ్చిన డ్రైవరుకు మలుపు రాకముందే మాట వినపడాలి, అది పాట మోతలో కలిసిపోకూడదు.

నావిగేషన్ విడి పెట్టెలో ఉందా, డెక్‌లోనే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. 2000ల తొలినాళ్ల ఖరీదైన కార్లు చాలావాటిలో నావిగేషన్ కంప్యూటర్ సీటు కిందో డిక్కీలోనో విడిగా ఉండేది, మ్యాపులు డీవీడీలో ఉండేవి. అలాంటి కారులో స్టీరియో మార్చినా నావిగేషన్‌ను నిలుపుకోవచ్చు. మారుతి సుజుకి తొలి తరం స్మార్ట్‌ప్లే వంటి వాటిలో రేడియో, తెర, నావిగేషన్ ఒకే పెట్టెలో ఉంటాయి, మ్యాపులు ఎస్‌డీ కార్డులో ఉంటాయి. అక్కడ డెక్ తీస్తే నావిగేషన్ కూడా పోతుంది. అందుకే డెక్‌ను కదపకుండా, దాని స్పీకర్ వైర్ల నుంచి లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ ద్వారా విడి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇస్తారు. స్పీకర్ వైర్లను నేరుగా తీసుకునే ఆంప్లిఫయర్ అయితే కన్వర్టర్ కూడా అక్కర్లేదు.

తర్వాతిది కరెంటు. బయటి స్టీరియోల్లో ఎక్కువగా పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే 12 వోల్టులది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు, బూడిద రంగు వైర్లు ముందు ఎడమ, కుడి స్పీకర్లకు, ఆకుపచ్చ, ఊదా రంగువి వెనక ఎడమ, కుడి స్పీకర్లకు వెళ్తాయి. నల్ల గీత ఉన్నది మైనస్. కారు లోపలి కంపెనీ వైర్లు ఈ రంగుల లెక్కను పాటించవు. కాబట్టి రంగు చూసి కలపకుండా, ఆ మోడల్ వైరింగ్ పటం ముందు పెట్టుకుని, మల్టీమీటర్‌తో ఒక్కో వైరు చూసుకోవాలి. పాత, కొత్త పెట్టెలు రెండూ ఒకే చోట ఎర్త్ అయితే స్పీకర్లలో ఇంజిన్ కూత వినిపించే అవకాశం తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది గొంతు దగ్గరే. కంపెనీ వ్యవస్థలో మలుపు చెప్పేటప్పుడు పాట తనంతట తాను తగ్గుతుంది. చాలా కార్లలో ఆ మాట డ్రైవరు వైపు ముందు స్పీకర్ నుంచే వస్తుంది. మన కార్లలో అది కుడి వైపుది. నావిగేషన్, స్టీరియో రెండింటి స్పీకర్ వైర్లనూ ఒకే స్పీకర్‌కు నేరుగా కలపడం ప్రమాదం. నేటి స్టీరియోల్లో స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్ల మీదా బ్యాటరీ వోల్టులో దాదాపు సగం నిలబడి ఉంటుంది, వాటిలో ఏదీ ఎర్త్ కాదు. రెండు ఆంప్లిఫయర్లు ఒకదానికొకటి ఎదురు తోసుకుంటే ఏదో ఒకటి కాలిపోతుంది.

దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది రిలే: మాట వచ్చేటప్పుడు కుడి స్పీకర్‌ను స్టీరియో నుంచి విడదీసి నావిగేషన్‌కు కలిపి, మాట ఆగాక వెనక్కి తిప్పుతుంది. రెండోది స్టీరియోలో ఉండే మ్యూట్ వైరు. నావిగేషన్ ఇచ్చే సంకేతాన్ని దానికి కలిపితే పాట ఆగుతుంది. మూడోది అన్నిటికంటే తేలిక: డ్యాష్‌బోర్డు కింద నావిగేషన్ కోసమే ఒక చిన్న స్పీకర్ పెట్టడం.

తెర విషయంలో సిగ్నల్ రకం కుదరాలి. కంపెనీ నావిగేషన్లు చాలావరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడి వైర్లలో పంపుతాయి. బయటి స్టీరియోల వెనక ఉండే వీడియో ఇన్‌పుట్ ఎక్కువగా కాంపోజిట్ రకం, అంటే బొమ్మంతా ఒకే వైరులో వస్తుంది. మధ్యలో కన్వర్టర్ ఉండాల్సిందే.

జీపీఎస్ యాంటెన్నాకు స్థానం తెలిపే సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఈ యాంటెన్నాలో చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి కరెంటు అదే కేబుల్ ద్వారా పెట్టె నుంచి అందుతుంది. అందుకే ఒకే యాంటెన్నాను మామూలు జాయింటుతో రెండు పెట్టెలకు పంచకూడదు. చాలా కార్లలో దీని ఫాక్రా కనెక్టర్ నీలం రంగులో ఉంటుంది. వేగం తెలిపే పల్స్ వైరును వదిలేస్తే, ఉపగ్రహ సిగ్నల్ అందని చోట లెక్క కట్టి స్థానం చూపే కంపెనీ నావిగేషన్ తడబడుతుంది.

బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతి వచ్చాక పని తీరు మారింది. తాళం, రివర్స్ గేరు, స్టీరింగ్ బటన్ల సమాచారం విడి వైర్లలో కాకుండా రెండు మెలితిప్పిన వైర్ల మీద సందేశాలుగా నడుస్తుంది. కొత్త స్టీరియోకు అది అర్థమయ్యేలా ఆ మోడల్‌కు సరిపడే క్యాన్ డీకోడర్ పెట్టె కావాలి. బీఎండబ్ల్యూ, ఆడీ, మెర్సిడెస్ కార్లు కొన్నిటిలో మోస్ట్ అనే ఆప్టికల్ ఫైబర్ వలయం ఉంటుంది. ఒక పెట్టెను తీసి ఆ చోటు ఖాళీగా వదిలితే వలయం తెగి, మిగతా పెట్టెలూ మూగబోతాయి. అక్కడ లూప్ కనెక్టర్ పెట్టాలి.

ఈ పనిలో మంచి చేతి పనికి కొలమానం ఒకటే: మళ్లీ పాతదిలా మార్చగలగడం. కంపెనీ కప్లర్‌ను కోయకుండా ఎడాప్టర్ హార్నెస్ మీద కలిపితే, కారు అమ్మేటప్పుడు పాత డెక్‌ను అరగంటలో తిరిగి పెట్టవచ్చు. వారంటీ వివాదాలకూ తావు తగ్గుతుంది. వైరు కోసి, మెలితిప్పి, టేపు చుట్టిన జాయింటు కుదుపులకు వదులవుతుంది, ఎండకు టేపు జిగురు కారుతుంది. తప్పనిసరైతే సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. పసుపు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి పోకూడదు.

2014లో ప్రకటించిన యాపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోల తర్వాత చాలామందికి ఫోన్ మ్యాపే చాలుతోంది. మ్యాపులు అప్‌డేట్ కాని పాత డీవీడీ నావిగేషన్ కోసం కన్వర్టర్లకు డబ్బు పోయడం దండగ. వేగం పల్స్‌తో, పైకప్పు యాంటెన్నాతో నడుస్తూ, మ్యాపులు ఇంకా అందుతున్న వ్యవస్థనైతే నిలుపుకోవడమే మేలు. ఏది ఎంచుకున్నా డ్యాష్‌బోర్డు మూసే ముందు పాట పెట్టి దారి మాట వినాలి, రివర్స్ గేరు వేసి కెమెరా చూడాలి, స్టీరింగ్ బటన్లన్నీ నొక్కి చూడాలి, తాళం తీశాక పెట్టెలన్నీ నిద్రలోకి వెళ్లాయో లేదో కరెంటు కొలిచి తేల్చుకోవాలి. ఆ చివరి పరీక్ష తప్పితే బ్యాటరీ కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది.