సోలెడు పిండి యెంత తూగును?

పాకము చెప్పువారు పాళ్ళు చెప్పుదురు. ఆ పాళ్ళు తమ యింటి పాత్రను మనసులో నుంచుకొని చెప్పుదురు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము అను వరుస మన వంటయిండ్లలో తరతరములుగ నడచినది; పలములును వీశెలును అంగడివాని త్రాసుతోనే యాగిపోయినవి. 1956వ సంవత్సరపు తూనికలు కొలతల శాసనము ననుసరించి 1958 అక్టోబరు మొదలుకొని కిలోగ్రాములు బజారులో ప్రవేశించి క్రమముగ వీశెను తొలగించినను, వంటయింటి సోలను కదలింపలేకపోయినవి.

అందుకు తగిన కారణము కలదు. ఒకే సోలతో మినపపప్పును ఇడ్లీరవ్వను కొలుచుకొను గృహిణికి ఆ సోల యెన్ని మిల్లీలీటర్లు పట్టునో తెలియనక్కరలేదు. పాత్ర యేదైనను పాళ్ళు చెడవు. ఆ పాకమును కాగితముపై వ్రాసి దూరదేశమున నున్న కూతురికి పంపినపుడు చిక్కు మొదలగును. ఆమెకడ నున్న రైస్ కుక్కరు కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు సుమారు 240. అమ్మ వ్రాసిన సోల యీ రెండింటిలో నేదియు కాదు.

పోనీ, కప్పునకు ఇన్ని గ్రాములని ఒకే అంకె చెప్పుదమన్న నదియు పొసగదు. 240 మిల్లీలీటర్ల కప్పులో నీరు 240 గ్రాములు తూగును. చక్కెర సుమారు 200, తేనె 340, జల్లించి తేలికగా పోసిన మైదా 120. ఆ మైదానే డబ్బాలో కప్పు ముంచి అదిమి తీసినచో 150 వరకు పోవును. మా అమ్మ బియ్యము కొలుచునపుడు సోలను రెండుమార్లు నేలకు తట్టి, మరికొంత పోసి, అరచేతితో అంచు తుడిచెడిది. పిండి కొలుచునపుడు మాత్రము తట్టెడిది కాదు, అదిమెడిది కాదు. ఆమె చెప్పిన "సోలెడు" అను మాటలో ఈ హస్తలాఘవ మంతయు నిమిడి యున్నది. దానిని వదలి పాత్ర పరిమాణమును మాత్రము గ్రాములలోనికి మార్చినవారు ఆమె వంటను మార్చినట్లే.

కావున నేను చేయు పని యిది. సోలను త్రాసుపై నుంచి, త్రాసును సున్నకు తెచ్చి, అంచువరకు నీరు పోసి తూచుదును. ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. పిదప పాత్రను తుడిచి యారబెట్టి, ఆ వంట యెవరి చేతిదో వారిచేతనే ఒక్కొక్క సరకును నింపించి బరువు వ్రాసికొందును. నూనెకును, పప్పులకును, బియ్యమునకును కొలపాత్రయే చాలును. పిండికిని ఉప్పుకును త్రాసు తప్పదని నా దృఢవిశ్వాసము.

ఉప్పు సంగతి మరింత జాగ్రత్తగా చూడవలెను. కల్లుప్పు బరకగ దంచి ఆవకాయ పెట్టిన కాలపు పాళ్ళను నేటి మెత్తని ప్యాకెట్టు ఉప్పునకు వర్తింపజేసినచో, పలుకుల నడుమ ఖాళీలు తగ్గి, అదే సోలలో బరువు పెరిగి పచ్చడి ఉప్పుకషాయ మగును. ఆ భయముతో చేయి బిగించినచో బూజు పట్టును. మామిడిముక్కలకు సోల బొత్తిగా పనికిరాదు: ముక్క పెద్దదైనకొలది సందులు పెరిగి కొలత మారిపోవును. జీడి తీసి, తుడిచి, తడి యారిన ముక్కలనే తూచి, ఆ తూనికకే ఉప్పు, కారము, ఆవపిండి గ్రాములలో చెప్పినచో ఏ దేశమున నున్న కూతురైనను అమ్మ ఆవకాయనే కలుపుకొనగలదు.