పరిచర్య, ఉపచారము, పని: రోమా 12:7లోని కృపావరమును మనము చదువుచున్న తీరు

రోమా 12:6-8లో పౌలు ఏడు కృపావరములను పేర్కొనెను. ప్రవచనమునకును బోధకును మధ్య, రెండవ స్థానములో, పరిచర్య ఉన్నది. అయినను మన వ్యాఖ్యానములలో ప్రవచనమునకు పుటలు, పరిచర్యకు నాలుగు వాక్యములు దొరకుట సాధారణము. ఇది వినయము గలవారి వరము, తెర వెనుక పనిచేయువారి వరము అని చెప్పి వ్యాఖ్యాత ముందుకు సాగును. ఈ చదువు సరిపోదని మా అభిప్రాయము. తెలుగు పాఠకునికి ఈ విషయములో మరియొక చిక్కు కూడ కలదు. అది అనువాదములోనిది.

ఇక్కడి గ్రీకు మాట డియాకొనియా. దాని క్రియారూపమును మన సంఘములలో చదువబడు బైబిలు సొసైటీ పాత అనువాదము పలు విధములుగా తెలిగించినది. మార్కు 1వ అధ్యాయమునే చూడుడి. 13వ వచనములో అరణ్యమందు దేవదూతలు యేసుకు చేసినది పరిచర్య. 31వ వచనములో జ్వరము విడిచిన పేతురు అత్త చేసినది ఉపచారము. గ్రీకులో క్రియ ఒక్కటే. లూకా 8:3లో తమ ఆస్తితో ఆయనను పోషించిన స్త్రీలది ఉపచారము. యోహాను 12:2లో మార్తది ఉపచారము. లూకా 10:40కి వచ్చుసరికి అదే మార్త చేసినది కేవలము పని. మనుష్యకుమారుడు చేయ వచ్చినది పరిచారము (మార్కు 10:45), పౌలు పొందినది పరిచర్య (2 కొరింథీ 4:1).

అనువాదకులు బుద్ధిపూర్వకముగా స్త్రీలను తగ్గించిరని మేము ఆరోపించుట లేదు. ఫీబేను వారు పరిచారకురాలు అనిరి (రోమా 16:1). మత్తయి 25:44లోను, అందరికిని వర్తించు 1 పేతురు 4:10-11లోను ఉపచారమనియే వ్రాసిరి. అయినను తరతరములుగా పీఠము నుండి విన్న చెవికి ఒక భేదము అలవాటైపోయినది. వంటయింటిలో జరుగునది ఉపచారము, వేదికపై జరుగునది పరిచర్య.

దీనివలన ఎక్కువ నష్టపోయిన భాగము అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము. 1వ వచనములో విధవరాండ్రకు అనుదినము జరుగు పంపకము డియాకొనియా. 2వ వచనములో బల్లలయొద్ద చేయు సేవకు దాని క్రియారూపము వాడబడినది. 4వ వచనములో వాక్యమునకు సంబంధించినదియు డియాకొనియాయే. లూకా ఒకే మాటతో మూడింటిని కట్టెను. తెలుగులో మొదటిదియు చివరిదియు పరిచర్యగా నిలిచినవి; నడిమిది ఆహారము పంచిపెట్టుటగా మారినది. కట్టు అక్కడ తెగినది. కాబట్టి అపొస్తలులు పరిచర్యను తమయొద్ద ఉంచుకొని అన్నము వడ్డించు పనిని చిన్నవారికి అప్పగించిరని మనము ప్రసంగించుచున్నాము.

ఆ చిన్నవారు ఎవరు? ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొన్నవారిని, మంచి పేరు గలవారిని ఏర్పరచుడని చెప్పబడెను. సణుగుడు గ్రీకు మాటలాడు విధవరాండ్ర పక్షమున పుట్టెను. ఎన్నికైన ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. యూదయ పేర్లు గలవారిలోను గ్రీకు పేర్లు ఉండెడివి గనుక దీనిని ఎక్కువగా లాగరాదు. అయినను అన్యాయము జరిగిన పక్షమువారి చేతికే గిన్నె వచ్చినట్టు కనబడుచున్నది. (అభిషేక ప్రసంగములలో ఈ ఏడుగురిని మొదటి డీకనులందుము గాని, లూకా వారిని ఎక్కడను ఆ పేరుతో పిలువలేదు.)

ఇక పండితుల వాదము. 1836లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో థియొడోర్ ఫ్లీడ్నర్ స్థాపించిన డీకనెస్సుల గృహము మొదలుకొని, డియాకొనియా అనగా ప్రేమతో తన్ను తగ్గించుకొని చేయు సేవ అను భావము బలపడెను. కిట్టెల్ నిఘంటువులో బేయర్ వ్రాసిన వ్యాసము దీనిని పండితలోకములో స్థిరపరచెను. 1990లో ఆస్ట్రేలియా పండితుడు జాన్ ఎన్. కాలిన్స్ ప్రాచీన గ్రీకు రచనలను పరిశీలించి, ఆ మాటలో ముఖ్యముగా ఉన్నది తగ్గింపు కాదు, ఒకరి పక్షమున అప్పగింపబడిన పని అని వాదించెను. ఈ సవరణ మనకు మిక్కిలి అవసరము. అయితే కాలిన్స్ వెంట చివరివరకు వెళ్లలేము. లూకా 22:27లో భోజనపంక్తిని కూర్చున్నవాడును వడ్డించువాడును ఎదురెదురుగా నిలుపబడిరి. అక్కడ తగ్గింపు లేదనుట పాఠమును వంచుటయే. అప్పగింపును తగ్గింపును విడదీయకుండ చదువుటయే మేలు.

పీటర్ వాగ్నర్ 1979లో ప్రచురించిన పుస్తకము కృపావరములను 27గా లెక్కించి, ప్రశ్నావళి ద్వారా ఎవరి వరము వారు కనుగొనవచ్చునని నేర్పెను. ఇట్టి ప్రశ్నావళులు మన యౌవనస్థుల కూటములలోను కనబడుచున్నవి. వీటిలోని లోపము లెక్కలో లేదు. నీకు ఏమి చేయుట ఇష్టము అని అవి వ్యక్తిని అడుగును. యెరూషలేములోనైతే సంఘము ఏర్పరచెను, అపొస్తలులు చేతులుంచిరి. పైగా ఇంతవరకు చాపలు పరచిన చెల్లెలు సహజముగా సేవ అను గడిలోనే గుర్తు పెట్టును. పాత అలవాటు వరముగా ముద్ర పొందును.

మన వాడుకలో పరిచర్యలోనికి వచ్చితిని అనగా పాస్టరునైతిని అని అర్థము. ప్రేమవిందు తరువాత గిన్నెలు కడుగువారు పరిచర్యలో ఉన్నారని ఎవరును అనరు. అయితే వారిని వినయముగల సోదరీమణులని పొగడుటవలన ఈ తప్పు దిద్దబడదు. 2 కొరింథీ 8:19-21లో యెరూషలేము పేదల కొరకైన సొమ్మును తీసికొనిపోవుటకు సంఘములు ఒక సహోదరుని ఏర్పరచెను. నింద రాకుండ పౌలు జాగ్రత్తపడెను. ఆ సొమ్ము పనిని కూడ అతడు డియాకొనియా అనెను. కనుక ఈ వరము గలవారికి సంఘము ఎదుట నియామకము, కమిటీలో కుర్చీ, లెక్క చూపు బాధ్యత ఉండవలెను. విధవరాండ్ర నిధిని ఎవరికి ఎంత ఇయ్యవలెనో నిర్ణయించు చోట విధవరాండ్రు ఎందరు కూర్చుండిరో మన సంఘముల మినిట్సు పుస్తకములు తెరచి చూడవచ్చును.