పీపీఏ సహాయ పత్రాల రచన: అధికారి నిర్ణయం - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఉబుంటు వాడుకరులకు లాంచ్‌ప్యాడ్ అందిస్తున్న పర్సనల్ ప్యాకేజ్ ఆర్కైవ్ (పీపీఏ) సేవకు సంబంధించిన సహాయ పత్రాలను అనుబంధ చతుష్టయం దృష్టితో పరిశీలించి, సంస్కరించవలసిన చోట్లను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పీపీఏ, లాంచ్‌ప్యాడ్, సహాయ పత్రాలు, అనుబంధ చతుష్టయం, సాంకేతిక రచన.

శాస్త్రగ్రంథం ఆరంభంలోనే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ తెలపాలన్నది భారతీయ శాస్త్రరచనా సంప్రదాయం. అధికారి అంటే ఆ గ్రంథాన్ని చదవడానికి అర్హత గలవాడు. అతడెవరో తేలకపోతే తక్కిన మూడూ నిలవవు. సాఫ్ట్‌వేర్‌కు తోడుగా వెలువడే సహాయ పత్రాల వైపు తెలుగు విమర్శ చూసింది తక్కువే. నిజానికి చదివిన వెంటనే ఆచరణలో పరీక్షకు నిలిచే రచన ఇది. దోషం ఉంటే దాచడానికి వీలులేదు.

కనోనికల్ సంస్థ నడిపే లాంచ్‌ప్యాడ్‌లో పీపీఏ సేవ 2007లో మొదలైంది. ఒక వ్యక్తి తన ప్రోగ్రామును సోర్స్ ప్యాకేజీగా పంపితే, లాంచ్‌ప్యాడ్ యంత్రాలే దానిని బిల్డ్ చేసి, ఇతరులు ఇన్‌స్టాల్ చేసుకొనేందుకు వీలుగా ఉంచుతాయి. సిద్ధం చేసిన బైనరీని పంపితే స్వీకరించవు. అంటే ఈ సేవకు అధికారులు ఇద్దరు: ప్యాకేజీని పంపేవారు ఒకరు, పీపీఏను తమ కంప్యూటరుకు చేర్చుకొనేవారు మరొకరు. మొదటివారికి డెబియన్ ప్యాకేజింగ్ తెలిసి ఉండాలి. రెండోవారు టెర్మినల్‌లో ఒక ఆదేశం ఇవ్వగలిగితే చాలు. పాత వికీలో ఈ ఇద్దరికీ ఉద్దేశించిన పుటలు ఒకే శీర్షిక కింద చేరాయి. చిక్కు అక్కడే మొదలైంది.

‘సంతకం’ అన్న మాటనే తీసుకోవచ్చు. ప్యాకేజీని పంపేవారు తమ జీపీజీ కీతో సంతకం చేస్తారు. పంపినది తామేనని లాంచ్‌ప్యాడ్‌కు రుజువు చేయడం దాని పని. పీపీఏపై లాంచ్‌ప్యాడ్ చేసే సంతకం వేరు. ప్యాకేజీ ఆ పీపీఏ నుంచే వచ్చిందనీ, దారిలో మారలేదనీ మాత్రమే అది చెబుతుంది. లోపలి ప్రోగ్రాము మంచిదో చెడ్డదో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్యాకేజీలోని స్క్రిప్టులు రూట్ అధికారంతో నడుస్తాయి కనుక ఈ భేదం కేవలం పదచర్చ కాదు. సంతకం ఉందన్న మాటను భరోసాగా తీసుకొన్న సామాన్య వాడుకరి అపరిచితుడి చేతికి ఇంటి తాళాలిచ్చినట్టే. పీపీఏలోని ప్యాకేజీలను ఎవరూ తనిఖీ చేయరన్న హెచ్చరిక పత్రాల్లో లేకపోలేదు. అది ఆదేశానికి ముందు, అదే పుటలో, ఈ అర్థభేదంతో కలిసి రావాలి.

రెండో దోషం మౌనానికి సంబంధించినది. సంతకాన్ని గుర్తించలేకపోతే ఎవరికి జవాబివ్వాలో లాంచ్‌ప్యాడ్‌కు తెలియదు; కనుక తిరస్కరణ ఈమెయిల్ కూడా రాదు. కొత్తగా పంపినవారు గంటల తరబడి ఎదురుచూస్తారు. జవాబు రాకపోవడమే ఇక్కడ జవాబు! ఈ సంగతిని పొరపాట్ల పుటలో చెబితే, పొరపాటు జరిగిందనే తెలియని పాఠకుడు ఆ పుట ఎందుకు తెరుస్తాడు? అప్‌లోడ్ ఆదేశం పక్కనే ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది.

మెచ్చుకోదగిన భాగం వెర్షన్ సంఖ్యల గురించినది. సంఖ్య చివర ‘టిల్డే పీపీఏ1’ అని చేర్చమని చెప్పి ఊరుకోకుండా, ఉబుంటులో ఇప్పుడున్న ప్యాకేజీని మనది దాటాలి, రేపు రాబోయే అధికారిక ప్యాకేజీ మనదాన్ని దాటాలి అన్న కారణాన్ని కూడా అది వివరిస్తుంది. డెబియన్ క్రమంలో టిల్డే గుర్తు దేనికన్నా ముందే నిలుస్తుంది కనుక ఈ ఏర్పాటు సాధ్యమైంది. సూత్రం, దాని వెంటనే వృత్తి: శాస్త్రరచనకు తగిన పద్ధతి ఇదే. తక్కిన పుటలు దీన్ని అనుసరించలేదు.

కనోనికల్ ఇటీవల తన పత్రాలకు డయాటాక్సిస్ పద్ధతిని స్వీకరించింది. పాఠం, కార్యవిధానం, ఆకరం, వివరణ అని రచనను అది నాలుగుగా విడదీస్తుంది. ఈ విభజన ప్రయోజనాన్ని బట్టి చేసినది. అధికారి ప్రశ్నను అది తనంతట తేల్చదు. పంపేవారికొక కార్యవిధానం, చేర్చుకొనేవారికొక కార్యవిధానం విడివిడిగా రాసి, ప్రతి పుట మొదటి వాక్యంలోనే అది ఎవరికోసమో చెప్పవలసి ఉంటుంది.