పగలు నగిషీ, రాత్రి బడి

వాషింగ్టన్ చూడ్డానికి వచ్చిన చుట్టాలను నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్ళినప్పుడు మనం యూరప్ చిత్రకారుల గదుల్లోనే కాళ్ళు నొప్పులు పుట్టేదాకా తిరుగుతాం. అమెరికన్ గదులు వచ్చేసరికి ఇంటిదారి పడతాం. ఆ తప్పు మేమూ చేశాం. ఈసారి మాత్రం ఒక బొమ్మ ముందు తీరిగ్గా నిలబడ్డాం. అది విలియం హార్నెట్ 1886లో వేసిన 'పాత వయొలిన్'.

ఆకుపచ్చ తలుపుకు వేలాడే వయొలిన్, తుప్పుపట్టిన మడతబందులు, పాట రాసిన కాగితం, పత్రిక ముక్క, నీలం కవరు. అంతే. ఆ ఏడు సిన్సినాటి ప్రదర్శనలో జనం నిజమేనేమోనని చెయ్యి పెట్టబోతుంటే పోలీసును కాపలా ఉంచారట.

ఇది ఉత్త కనికట్టని కొట్టిపారేసిన విమర్శకులున్నారు. మేము ఒప్పుకోం. కనికట్టుకు కొత్త వయొలిన్ చాలు. తీగల కింద రాలిన రోజిన్ పొడి వెయ్యాలంటే, దాన్ని ఏళ్ళతరబడి వాయించిన చెయ్యి మనసులో మెదలాలి.

ఆ చూపు ఎక్కడిది? హార్నెట్ 1848లో ఐర్లండులో పుట్టి, పసితనంలోనే ఫిలడెల్ఫియా చేరాడు. వెండి సామానుపై నగిషీ చెక్కడం ఆయన బతుకుతెరువు. న్యూయార్కులో పగలు ఆ పని, రాత్రి కూపర్ యూనియన్‌లో, నేషనల్ అకాడమీలో చిత్రలేఖనం. మనుషుల్ని కూర్చోబెట్టి వేయడానికి డబ్బు చాలక వస్తువుల్ని ఎంచుకున్నానని ఆయనే చెప్పాడు. వెండి మీద గీత తప్పితే గిన్నె పాడు. ఆ జాగ్రత్తే కుంచెకు వచ్చింది.

ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు థామస్ కోల్ కథా ఇలాంటిదే. 1801లో ఇంగ్లండులో పుట్టాడు, 1818లో ఇక్కడికి వచ్చాడు. ఆయన మొదటి విద్యా చెక్కుడు పనే. గ్యాలరీలో ఉన్న ఆయన 'జీవనయాత్ర' పటాలు నాలుగింటిలో బోధ ఎక్కువై చూపు తగ్గిందని మాకనిపించింది. కాని న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలోని 'ఆక్స్‌బో' (1836) వేరు. ఎడమన ఉరుముతున్న అడవి, కుడిన ఎండలో పొలాలు, నడుమ బొమ్మ వేస్తూ వెనక్కి తిరిగి మనవైపు చూస్తున్న చిన్న మనిషి. ఆ మనిషి కోలే. వలస వచ్చినవాడు తన చోటు ఇంతకన్నా నిజంగా ఎలా చెప్పుకుంటాడు?

బొమ్మలు కూడు పెడతాయా అని మన పిల్లల్ని అడుగుతుంటాం. అడగడంలో తప్పులేదు, వీళ్ళిద్దరూ కూటికోసం చెక్కినవాళ్ళే. అయితే పని ముగిశాక మిగిలిన రాత్రిని ఏం చేశామని ఎప్పుడైనా పిల్లలు మనల్ని అడిగితే?

హార్నెట్ ఆ పటంలో తన సంతకాన్ని నీలం కవరు మీద చిరునామాగా రాసుకున్నాడు. ఇండియా నుంచి నీలం ఏరోగ్రాం కోసం ఎదురుచూసిన రోజులు ఎరిగినవాళ్ళం. ఈసారి వెళ్ళినప్పుడు, ఆ కవరు ముందు పిల్లలతో ఒక్క పది నిమిషాలు నిలబడండి.