‘ఒత్తిడి’కి పునాది ఎక్కడ?

1978 సెప్టెంబరు జైత్రయాత్ర తర్వాత జగిత్యాల మన సాహిత్యంలోకి పోరాట భూమిగా వచ్చింది. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ వంటి నవలలు కరీంనగర్ పల్లెల రైతాంగాన్ని కథకు కేంద్రం చేశాయి. తర్వాత సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యల మీద కవితలూ కథలూ చాలా వచ్చాయి. వాటిని చదువుతుంటే నన్నొక ప్రశ్న వదలదు. ఆ ఇళ్లలో తొమ్మిదో పదో తరగతి చదివే ఆడపిల్ల ఎక్కడుంది? ఉన్నది, తండ్రి శవం పక్కన ఏడుస్తూ, ముగింపులో. తండ్రి విషాదానికి కొసమెరుపుగా తప్ప, ఆమెకంటూ ఒక మనసున్నట్టు ఆ రచనల్లో ఎక్కువ భాగం గుర్తించవు.

మనస్తత్వ శాస్త్రం పేరిట వచ్చే వ్యాసాలు ఆ మనసునే పట్టుకుంటాయి, కాని ఇంట్లోంచి ఊడబెరికి పట్టుకుంటాయి. ప్రశ్నావళి ఇచ్చి, ఒత్తిడి ‘అధికం’, ‘మధ్యస్థం’ అని తేల్చి, ప్రాణాయామం చెయ్యమంటాయి.

కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో బడి వదిలాక ఏం జరుగుతుందో చూడాలి. తల్లి ఒడిలో బీడీల చాట ఉంటుంది. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆ వెయ్యి నిండాలంటే కూతురి చేతులు కావాలి. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే, అప్పులవాళ్లొచ్చినప్పుడు తలుపు తీసేదీ ఆ పిల్లే. 1986 బాలకార్మిక చట్టం బీడీల తయారీని పిల్లలకు నిషేధిస్తూనే, కుటుంబ సభ్యుల సాయంతో ఇంట్లో సాగే పనికి మినహాయింపు ఇచ్చింది. 2016లో చట్టం మారినా ‘సాయం’ అన్న మాట అందులో మిగిలే ఉంది. సాయానికి కూలి లేదు, పనివేళ లేదు, అలిసిపోయానని చెప్పే హక్కూ లేదు. మార్కులు తగ్గితే తప్పు పిల్లది, బీడీల లెక్క తగ్గినా తప్పు పిల్లదే. దీన్ని ఒత్తిడి అనండి, నాకు అభ్యంతరం లేదు. దాని కారణాన్ని పిల్ల స్వభావంలో వెతకడం మాత్రం అన్యాయం.

మానసిక సమస్య అనగానే మధ్యతరగతి జబ్బని తోసేసే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. పునాది మారితే మనసు దానంతటదే కుదుటపడుతుందంటారు. పదిహేనేళ్ల పిల్ల అంతదాకా ఎట్లా ఆగుతుంది? ఆడపిల్ల శరీరం మీద నడిచేదీ రాజకీయమేనని ఓల్గా ‘రాజకీయ కథలు’ 1993లోనే చూపాయి. అయినా నెలసరి రోజుల్లో బడి మానే పిల్ల భయమూ, పెళ్లిచూపుల్లో “బీడీలు చేస్తదా?” అన్న ప్రశ్న విన్న పిల్ల అవమానమూ వస్తువు కాదనడం మొండితనం.

సానుభూతితో మనం రాసే కథలకన్నా ముందు ఆ పిల్లలు, వాళ్ల యాసలో, వాళ్లే రాయాలి. ఈ మూడు ఊళ్ల బడుల్లో తెలుగు చెప్పే మిత్రులు ఈసారి వ్యాసరచన పోటీకి ‘నా ఆశయం’ అని కాక ‘నిన్న సాయంత్రం’ అని శీర్షిక ఇచ్చి చూడాలని కోరుతున్నాను. అచ్చుతప్పులు దిద్దకుండా పంపితే ఇంకా మంచిది.