నుదుటికి అడ్డంగా ఒక అరచెయ్యి

ఈ వారం మా చెల్లెలి మనవడు నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. సినిమాల్లో రంగుల వెనక దాగిన రహస్యాలు విప్పి చెబుతామని దాని హామీ. ఎరుపు కనబడితే ప్రమాదమట. నీలం దిగులట. పచ్చ అసూయట. కథానాయిక పసుపు చీర కట్టుకుందంటే ఆమె మనసు చెదరబోతోందని దర్శకుడు ముందే సైగ చేసినట్టట. చూస్తుంటే ఒళ్లు మండింది. పిల్లవాడి మీద కాదు, వాడి ఆసక్తి బంగారం లాంటిది. ఆ ఆసక్తికి ఇలాంటి ఎక్కాల పుస్తకం దొరికిందే అని బాధ.

పసుపు చూస్తే పిచ్చి గుర్తుకొచ్చే ఇల్లు మనకెక్కడుంది? గడపకు రాసేది పసుపు, తాళి కట్టే దారానికి పూసేది పసుపు. పోనీ, మన అర్థాలతో మనమే ఇంకో పట్టిక రాసుకుందామంటే అదీ నిలబడదు. తెలుపునే తీసుకోండి. పెళ్లిపీటల మీద మన అమ్మాయి కట్టుకునే మధుపర్కం తెలుపు. ఒకప్పుడు భర్త పోయిన ఆడవాళ్లకు మిగిల్చిన చీరా తెలుపే. ఒకే ఇంట్లో ఒకే రంగు ఒకనాడు పండుగ, ఇంకోనాడు శిక్ష. ఆ బట్ట ఎవరి ఒంటి మీద ఉంది, ఆమె చుట్టూ ఎవరున్నారు, మెడలో ఏముంది, నుదుట ఏముంది అన్నది చూస్తే తప్ప తెలుపు మనకేమీ చెప్పదు. కెమెరా ముందు పెట్టే ప్రతి వస్తువు సంగతీ ఇంతే.

ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు, నా మాట ఎటు తిరిగినా మాయాబజార్ దగ్గర కాసేపు ఆగుతుంది. 1957లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమాలో ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తీసి చూసినవారికి తమకు అన్నిటికన్నా ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు. బలరాముడికి దుర్యోధనుడు. రేవతికి నగలూ మణులూ. కృష్ణుడు చూస్తే శకుని. రెండేళ్ల తర్వాత, 1959లో, ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి కాబట్టి ఆ పెట్టెను టీవీకి ముందుచూపుగా చెప్పుకుని మురిసిపోతుంటాం. నన్ను మురిపించేది వేరే. ఆ పెట్టె మీద ఎన్ని చెక్కడాలున్నా అవి మనకేమీ చెప్పవు. మూత తీసిన మనిషి ముఖానికీ, లోపల కనబడ్డ బొమ్మకూ మధ్య ఉన్న జానెడు దూరంలో కథంతా ఉంది. రేవతీ బలరాములకు కూతురి పెళ్లి ఎవరితో చేయాలనిపిస్తుందో మనకు అక్కడే తెలిసిపోతుంది. ఒక్క డైలాగు రాయనక్కర్లేదు.

అదే సినిమాలో మాయా శశిరేఖను చూడండి. చీర మారలేదు, నగలు మారలేదు, మార్కస్ బార్ట్లే వెలుగులోనూ మనల్ని హెచ్చరించే తేడా ఏమీ లేదు. అయినా ఆ సుకుమారమైన బొమ్మ లోపల ఎస్వీ రంగారావు నిలబడి ఉన్నాడని పసివాడికి కూడా తెలుస్తుంది. నడకలో తెలుస్తుంది, భుజం విరుపులో తెలుస్తుంది, కనుబొమ ఎగరేసిన తీరులో తెలుస్తుంది. ఫ్రేములో అన్నీ అలాగే ఉంచి, సావిత్రి తన ఒంటితో అర్థాన్ని తిప్పేసింది.

ఇక నా పాత పోరు ఒకటుంది, మళ్లీ చెబుతాను. ఇవాళ్టి సినిమా ఇళ్లలో దండెం ఉండదు. గోడకు మేకుండదు, మేకుకు క్యాలెండరుండదు, పాలవాడి లెక్క రాసిన పెన్సిలు గీతలుండవు. సోఫా ఉంటుంది, దాని వెనక ఒక పెద్ద పెయింటింగు ఉంటుంది, లైటింగు అంతా పొగచూరిన బూడిదరంగులో ఉంటుంది. ఆ ఇంట్లో మనుషులు నిద్రలేచి పళ్లు తోముకుంటారని నమ్మకం కలగదు. దండెం మీద ఆరేసిన ఒక్క చొక్కా ఆ ఇంటి ఆదాయం చెబుతుంది, మనుషులెందరో చెబుతుంది, బట్టలుతికేది ఎవరో కూడా చెబుతుంది. ఇవి ప్రేక్షకుడు విప్పుకోవాల్సిన చిక్కుముడులు కావు. చూసీ చూడనట్టు చూస్తుండగానే మనసులోకి చేరిపోతాయి.

ముత్యాలముగ్గులో రావుగోపాలరావు కంట్రాక్టరు సూర్యోదయాన్ని చూసే దృశ్యం మీకు కంఠతా వచ్చు, నేను చెప్పనక్కర్లేదు. బాపు చిత్రకారుడు, తీయబోయే షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునే అలవాటున్నవాడు. ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య. 1975 నాటి ఆ సినిమాకు ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. అలాంటి ఇద్దరు కలిసి చూపించిన తెల్లవారుజాము. ఆ ఎరుపు అందరికీ కనబడే ఎరుపే, కోడి కూసే వేళకు రోజూ వచ్చేదే. కంట్రాక్టరు కళ్లకు అందులో హత్య కనబడింది. ఆకాశానికి అర్థం ఆ మనిషి అంటించాడు. అర్థంతో పాటు తన గుట్టూ బయటపెట్టుకున్నాడు. వీడియో వాళ్ల పట్టికలో ఎరుపుకు ఎదురుగా ప్రమాదం అని రాసి ఉంటుంది. ప్రమాదం ఎరుపులో లేదు, ఆ ఎరుపును అలా చదివిన బుర్రలో ఉంది.

ఇంతవరకు రాసి, ‘వివరణలు కట్టిపెట్టండి, సినిమాను కళ్లకు వదిలేయండి’ అని ముగిద్దామనుకున్నాను. సాగర సంగమం అడ్డం వచ్చింది.

1983లో ఆ సినిమా మా ఊరి హాలుకు వచ్చినప్పుడు మా మేనత్త మాతో వచ్చింది. చిన్న వయసులోనే భర్త పోయింది ఆమెకు. ఇంట్లో శుభకార్యం జరిగితే వంట పనంతా ఆమెదే, పీటల దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. రావద్దని ఎవరూ నోటితో అనేవారు కాదు. అనకుండానే ఆమెకు చోటు కేటాయించి పెట్టాం. వాకిట్లో ముత్తయిదువులకు బొట్టు పెడుతుంటే ఆమె దొడ్లోకి వెళ్లి ఏదో ఒక పని కల్పించుకునేది. పాటలంటే ప్రాణం. కె.విశ్వనాథ్ సినిమా అనేసరికి శంకరాభరణం గుర్తుకొచ్చి బయల్దేరింది.

బావి గట్టు మీది పాట మీకు తెలుసు. తాగిన మత్తులో కథానాయకుడు బాలు గట్టు అంచున నాట్యం చేస్తుంటాడు. వాన. కథానాయిక మాధవి వస్తుంది. ఆమె భర్త పోయాడు. ఆ సంగతి బాలుకు తెలియదు, తెలియకూడదు. అందుకే ఆమె బొట్టు పెట్టుకుని వచ్చింది. వాన నీళ్లకు ఆ బొట్టు కరిగిపోతుందేమోనని బాలు తన అరచెయ్యి ఆమె నుదుటికి అడ్డం పెడతాడు.

ఆ క్షణంలో ఫ్రేములో ఏమున్నాయో లెక్కపెట్టండి. ఒక చెయ్యి, ఒక నుదురు, కాస్త కుంకుమ, నీళ్లు. పి.ఎస్.నివాస్ కెమెరా. వానను వెనక నుంచి వెలిగిస్తే తప్ప అది కెమెరాకు చిక్కదు. ముందు నుంచి వెలుగు వేస్తే చినుకులు మాయమైపోతాయి. అంటే ఈ దృశ్యంలో నీళ్లు కనబడాలని కష్టపడి కనబడేలా చేశారు. కనబడకపోతే చేతికి పని లేదు. అయితే ఆ హాల్లో మా గుండెలు పట్టేసింది వెలుగు ఒక్కటే కాదు. బాలుకు తెలియనిది మాకు తెలుసు. అతను కాపాడుతున్నది ఆమె సౌభాగ్యాన్ని అనుకుంటున్నాడు. అది ఎప్పుడో పోయింది. అతను కాపాడుతున్నది ఆమె అబద్ధాన్ని. ఆ అబద్ధం అతని కోసమే ఆడింది. ఇన్ని పొరలు కుంకుమంత జాగాలో సర్దాడు విశ్వనాథ్.

ఆడవాళ్ల బెంచీల వైపు నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు అనలేను. ఊపిరి ఒక్కసారిగా లోపలికి పీల్చుకున్న శబ్దం. ఇంటికి నడిచి వస్తుంటే అత్తయ్య అంది: “పాపం, ఆ అబ్బాయికి తెలియదు కదరా. తెలియకే అడ్డం పెట్టాడు.” కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది: “తెలిసినవాళ్లెవరైనా పెట్టారా?”

సినిమా విమర్శ మీద నేను చదివిన పుస్తకాలేవీ ఆ దృశ్యాన్ని నాకు అంతకన్నా బాగా విప్పి చెప్పలేదు.

మొన్న ఆదివారం ఆ కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. పట్టికల గొడవ మాటలతో తేలేది కాదని వాడికి ఆ సినిమా వేసి చూపించాను. వాడి కన్ను చురుకైనది. వాన చినుకుల వెనక దీపం ఎక్కడ పెట్టి ఉంటారో నాకన్నా ముందు పట్టుకున్నాడు. అరచెయ్యి నుదుటి మీదికి వచ్చింది. వాడు నా వైపు తిరిగి, “ఆవిడకు జ్వరమా తాతయ్యా?” అని అడిగాడు.

వెక్కిరింపు కాదది, నిజంగానే అడిగాడు. వాడి తరగతిలో అమ్మాయిలు బొట్టు పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం వాళ్ల ఇష్టం. వాళ్ల వీధిలో ఒకావిడ భర్త పోయాక కూడా బొట్టు పెట్టుకుని ఉద్యోగానికి వెళ్లివస్తోంది. బొట్టు పోవడం ఒక మనిషి సగం చచ్చిపోవడంతో సమానమైన రోజులు వాడికి ఎవరూ చెప్పలేదు.

అదే సినిమాలో ఇంకో దృశ్యం వాడికి ఏ సాయమూ లేకుండా అందింది. మాధవి బాలుకు నృత్యోత్సవం ఆహ్వాన పుస్తకం ఇస్తుంది. అతను పేజీలు తిప్పుతుంటాడు. పెద్ద పెద్ద నాట్యాచార్యుల ఫొటోలు ఒక్కొక్కటే వస్తాయి, అతను ఒక్కొక్కరికీ పొంగిపోతుంటాడు. పేజీ తిప్పితే తన ఫొటో. ఆ పుస్తకానికి ఎంత విలువ ఇవ్వాలో అంతకు ముందు పేజీలే మనకు నేర్పించాయి. అర్థం బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు. ఏ దేశం మనిషికైనా, ఏ కాలం మనిషికైనా అది తెలుస్తుంది. బొట్టు దృశ్యం అలా కాదు. దానికి కావలసిన సగం సరుకు తెర మీద లేదు, మన ఇళ్లలో ఉండేది. ఇళ్లు మారాయి. దృశ్యానికి నోరు పడిపోయింది.

మరి చెప్పాలా, వద్దా?

మన పాత కళలను తలుచుకుంటే జవాబు దొరుకుతుంది. చేర్యాల నకాశీ పటాలు చూడండి. పటమంతా నేల ఎరుపే. పుట్టుకా, పెళ్లీ, యుద్ధమూ ఆ ఎరుపు మీదే జరుగుతాయి. ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ కులపురాణం చెప్పే కథకులు లేకుండా దాన్ని ఊళ్లో ఎవరూ చూడలేదు. చూపించడమూ చెప్పడమూ కలిసే నడిచాయి. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరకు ఆనించగానే వెనక నుంచి గొంతు వినబడాల్సిందే. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలుండేవారు. ఇక నాట్యంలోనైతే అచ్చంగా పట్టికే ఉంది. అభినయ దర్పణం ఒంటిచేతి హస్తాలు 28 అని లెక్కపెట్టి, దేన్ని ఎక్కడ వాడాలో చెప్పింది. ఆ పట్టిక ఎలాంటిదో చూడండి. పతాకం ఒక్కటే మబ్బుకూ వాడతారు, అడవికీ, నదికీ, రాత్రికీ వాడతారు. ఏది ఎప్పుడో పాటను బట్టి, నర్తకి చూపును బట్టి తెలుసుకోవాలి. పట్టిక తలుపు దాకా తీసుకెళుతుంది. లోపలికి మనమే వెళ్లాలి.

చూపించాక చెప్పకూడదన్న నియమం దర్శకుడిది. బాలు చెయ్యి అడ్డం పెట్టినప్పుడు పక్కన ఎవరైనా ‘అయ్యో, ఆమె విధవరాలు కదా’ అని ఉంటే ఆ సినిమా అక్కడే కూలిపోయేది. ప్రేక్షకుల్లో పక్క సీటు మనిషికి ఆ నియమం లేదు. చిన్నప్పుడు హాల్లో ఎవరి అమ్మమ్మో ఎవరి పిల్లలకో ఎప్పుడూ చెబుతూనే ఉండేది.

ఆ కుర్రాడికి సినిమా ఆపి చెప్పాను. మా మేనత్త సంగతీ, పీటల సంగతీ, దొడ్లో కల్పించుకున్న పనుల సంగతీ చెప్పాను. మళ్లీ వెనక్కు తిప్పి వేశాను. విడమరిచి చెబితే దృశ్యం చచ్చిపోతుందంటారు. ఇది చావలేదు. వాడికి ఈసారి చెయ్యి కనబడింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వాడికి ముందు అర్థం కాకపోవడం మంచి కబురే. ఆ దురాచారం ఇంకా పూర్తిగా పోలేదు, పోవాలి. అది పోయేకొద్దీ విశ్వనాథ్ దృశ్యం మరింత మందికి అందకుండా పోతుంది. ఒక గొప్ప దృశ్యం అర్థం కావడం కోసం ఒక్క ఆడమనిషి కూడా దొడ్లోకి వెళ్లనక్కర్లేదు. ఆచారం చచ్చిపోనిద్దాం. అది ఎవరిని ఎంత బాధపెట్టిందన్న జ్ఞాపకం మాత్రం మిగలాలి, ఆ దృశ్యం ఆ జ్ఞాపకం మీదే నిలబడి ఉంది. సినిమాల గురించి రాసేవాళ్లకు, వీడియోలు చేసే పిల్లలకు అసలైన పని ఇక్కడుంది. నీలం అంటే దిగులని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. గాజులు, తులసికోట, గడప, విస్తరి వేసిన చోటు, నీళ్లచెంబు అందించిన చెయ్యి, వీటి వెనక ఏ మనుషులు నలిగారో చెప్పడానికి తెలిసినవాళ్లు కావాలి. ఆ తెలిసినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. పిల్లలతో పాత సినిమా చూస్తున్నప్పుడు మధ్యలో ఆపి వాళ్లచేత చెప్పించండి.